బిక్షమ్మ మారుమనువు

బాలస్వామి నకిరేకల్ దిక్కుకు మొదటిసారి వచ్చింది ఆముదపు గెలలు కోయడానికి. అతనిది అచ్చంపేటకు అవతల, అడవి అంచున ఉన్న చిన్న పల్లె. ఆ ఏడు అక్కడ జొన్న నిలువునా ఎండిపోయింది. వాడలోని కొందరు, ఆడా మగా, మూటలు నెత్తిన పెట్టుకొని డిండి దాటి, దేవరకొండ మీదుగా నడుచుకుంటూ కూలికి వచ్చారు. పందొమ్మిది వందల ముప్పై ఎనిమిది చలికాలం అది. అతనికి ఇరవై ఆరేళ్లు. పెళ్లి కాలేదు. చిన్నప్పుడు కుదిర్చిన పిల్ల మశూచితో పోయింది. తర్వాత తండ్రి పోయాడు. ఇంటి బరువు మీద పడ్డాక పెళ్లి మాట ఎవరూ ఎత్తలేదు.

వాళ్లకు పని దొరికిన చెలకల్లో ఒకటి బిక్షమ్మది. సొంతం కాదు, దొర దగ్గర కౌలుకు చేస్తున్నది. వాళ్ల కులపు మనిషే. నలభై ఐదేళ్లుంటాయి. భర్త కలరా గత్తరలో పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు మారెమ్మ, అత్తగారింట్లో ఉంది. బిక్షమ్మకు తల ముందు భాగమంతా నెరిసింది. ఎండకు కాగిన ముఖంలో, నవ్వినప్పుడు కళ్ల పక్కన లోతుగా గీతలు పడతాయి. బాలస్వామి మొదట అవేవీ పట్టించుకోలేదు. పని ఇచ్చిన ఆమె, అంతే. అందరిలాగే "అక్కా" అని పిలిచాడు.

ఒకనాటి మధ్యాహ్నం అందరూ చెలక గట్టు మీద కూర్చుని తింటున్నారు. దొర ఉండే గడి నుంచి ఒక మనిషి వచ్చి, "ఏయ్ బిక్షమ్మా, గడిల వడ్లు దంచేది ఉన్నది. లే, జల్ది రా" అన్నాడు.

వెట్టి పిలుపు. పుట్టినప్పటి నుంచి బాలస్వామి విన్న పిలుపే. తన ఊళ్లో తల్లి, పెద్దమ్మ, ఇరుగుపొరుగు ఆడవాళ్లు, ఎవరైనా సరే, నోట్లో ముద్ద నోట్లో ఉండగానే లేచి ఉరికేవాళ్లు. బిక్షమ్మ లేవలేదు. గొంతూ పెంచలేదు.

"వస్త. తింటున్న గద. తిని వస్త."

"దొరసాని ఎదురుచూస్తాంది."

"చూడనీ. నా కడుపు పొద్దున్నుంచి చూస్తాంది."

ఆ మనిషి ఏం చేయాలో తోచక అక్కడే నిలబడ్డాడు. ఆమె తొందరపడకుండా జొన్న గటక తినడం ముగించి, గిన్నె కడిగి, నీళ్లు తాగి, కొంగు దులుపుకొని, అప్పుడు వెళ్లింది. వెట్టి తప్పలేదు. పొద్దు గూకేదాకా దంచి, అరచేతులు బొబ్బలెక్కి తిరిగి వచ్చింది. అయినా ఆమె అలా కూర్చుని తినడం బాలస్వామి మనసులో ఉండిపోయింది. ఆమెకు భయం లేదని అతను అనుకోలేదు. భయం ఉన్నా, అది తన చేతిలో ముద్దను లాక్కుపోకుండా చూసుకున్నదని అనుకున్నాడు. ఆ రోజు నుంచి పనిలో ఉన్నా కళ్లు ఆమె ఉన్న దిక్కుకే పోయేవి.

కోతలయ్యాక అతనితో వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. కాయలు ఎండబెట్టి కొట్టే పని ఉందని బాలస్వామి ఆగాడు. ఆ పని కూడా అయిపోవచ్చింది. ఒక ఉదయం ఇద్దరూ కళ్లంలో కాయలు కొడుతుండగా బిక్షమ్మే మాట ఎత్తింది.

"ఓ పిలగా, ఒకటడుగుత. మొదలు అక్కా అక్కా అనేటోనివి. ఇప్పుడు దగ్గరికొచ్చి గొంతు సవరించుకుంటవ్ గాని, పిలువవేంది?"

బాలస్వామి కర్ర కింద పెట్టాడు. "నోట్లకు వస్తలేదు" అన్నాడు.

"ఎందుకు రాదు?"

"అక్క అనుకుంటలేను."

బిక్షమ్మ పెద్దగా నవ్వింది. అతను నవ్వకపోయేసరికి ఆపింది.

"మీ అమ్మకు ఎన్నేండ్లుంటయి?"

"ఏం తెలుసు? నలభై మూడో, నలభై నాలుగో."

"నేను మీ అమ్మకన్న పెద్దదాన్ని."

"పెద్దదానివే. మా అమ్మవైతే కావు గద."

ఆమె కాసేపు కాయలు చేత్తో దగ్గరికి లాగుతూ కూర్చుంది. ఇది ఆకతాయి మాట కాదని ఆమెకు తెలిసిపోయింది. అందుకే కోపం తెచ్చుకోవడం కష్టమైంది.

"నాల ఏం చూసినవ్? ఇగ నాకు పిల్లలు కారు. చెలక దొరది. నెత్తి చూడు, పత్తి పూసినట్టున్నది. కొన్నేండ్లు పోతే నడుము వంగుతది. నీకేం కర్మ?"

"గట్లడిగితే నాకు చెప్పరాదు" అన్నాడు బాలస్వామి. ఒక్కొక్క మాటా వెతుక్కున్నట్టు చెప్పాడు. "నా ఈడు పిల్లలను చూసిన. వాళ్ల ముంగట నేను ఏదో ఒకటి అయి చూపియ్యాలె అనిపిస్తది. నీ ముంగట అట్ల అనిపియ్యదు. నువ్వు మాట్లాడితే ఇనబుద్ధైతది. ఊకున్నా కూకోబుద్ధైతది. గింతే."

బిక్షమ్మ అతని ముఖంలోకి చూసింది. "ఊరికి పో. వానలు పడ్డంక గూడ గిదే మాట నీ నోట్ల ఉంటే రా. లేకుంటే రాకు. నేనేమనుకోను" అన్నది.

మర్నాడు పొద్దున్నే అతను వెళ్లిపోయాడు.

పీడ పోయిందని అనుకోవాలని చూసింది బిక్షమ్మ. కుదరలేదు. ఆమె పెళ్లి తొమ్మిదేళ్లకు జరిగింది. భర్తకు అప్పటికి ముప్పై దాటాయి. చెడ్డవాడు కాదు. కాని ఏనాడూ ఆమెను ఏదీ అడగలేదు. ఎడ్లను కట్టెయ్యమన్నట్టే అన్నీ చెప్పేవాడు. ఆమెకు ఇష్టమేనా అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎప్పుడూ పుట్టలేదు. ఇప్పుడు ఒకడు ఎదురుగా కూర్చుని, తడబడుతూ, ఆమె జవాబు కోసం కాచుకున్నాడు. కాదంటే వెళ్లిపోయేవాడే. వెళ్లాడు కూడా.

ఇంకొకటి కూడా ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పుకోలేనిది. కర్ర ఎత్తినప్పుడు బిగిసే అతని భుజాలు ఆమెకు గుర్తొచ్చేవి. తన ఒంట్లో ఎప్పుడో ఆరిపోయిందనుకున్నది ఆరలేదని ఆ ఎండాకాలంలోనే తెలిసింది. మొదట సిగ్గుపడింది. పోనుపోను సిగ్గు కూడా తగ్గింది.

తొలకరి పడిన రోజున బాలస్వామి వచ్చాడు. గొంగడి తడిసి బరువెక్కింది. గడప బయటే నిలబడి చెప్పాడు.

"మా అమ్మ పిల్లను చూసింది. మంచి పిల్లనే. నేను వద్దన్న. అమ్మ ఏడ్చింది."

"ఏడ్వదా మరి" అన్నది బిక్షమ్మ. తర్వాత తలుపు పక్కకు జరిగి, "లోపలికి రా. తడుస్తున్నవ్" అన్నది.

మారుమనువు వాళ్ల కులంలో కొత్త కాదు. మొగుడు పోయినవాళ్లు మళ్లీ ఇల్లు కట్టుకునేవాళ్లు. కాని ఇటువంటిది ఎవరూ చూడలేదు. కులపెద్ద బక్కయ్య, బిక్షమ్మ భర్తకు వరసకు తమ్ముడు, వేపచెట్టు కింద పంచాయితీ పిలిచాడు. మారెమ్మకు కబురు పోతే ఆమె కూడా వచ్చింది. బాలస్వామి కన్నా రెండేళ్లు చిన్నది మారెమ్మ. తల్లి పక్కన కూర్చోలేదు.

బక్కయ్య మంచివాడే. మాట మెత్తగానే అడిగాడు. "బిక్షమ్మా, మనువు తప్పని నేననను. ఈడు చూడాలె గద. పిలగాడు నీ కొడుకంత ఉన్నడు. లోకం నవ్వదా?"

"నన్ను చేసుకున్ననాడు మీ అన్న నా తండ్రంత ఉండె" అన్నది బిక్షమ్మ. "ఎవరు నవ్విండ్రు? పప్పన్నం తిని పోయిండ్రు. నేను తొమ్మిదేండ్ల పిల్లను, నన్ను ఎవరూ అడుగలే. ఇప్పుడు నలభై ఐదేండ్లదాన్ని. ఇతను నన్ను అడిగిండు. ఏడాదిల సగం ఆలోచన చేసి సరే అన్న. గిండ్ల తప్పెక్కడున్నదో చెప్పు, వింట."

బక్కయ్య బాలస్వామి వైపు తిరిగి, "పిల్లలు లేకుంట పోతవురా, తెలుసా?" అన్నాడు. "తెలుసు" అన్నాడు బాలస్వామి. కులానికి కల్లు పోయించి, కొత్త చీర పెట్టి, నల్లపూసలు కట్టమని తీర్పు చెప్పారు.

అందరూ లేచాక మారెమ్మ తల్లి దగ్గరికి వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా ఈడు వాడమ్మా. మా అత్తోళ్లకు నేనేం చెప్పాలె? ఇతన్ని ఏ వరస పెట్టి పిలువాలె?"

"పిలువకు బిడ్డా" అన్నది బిక్షమ్మ. "నీకు రాని మాట నేను అనిపియ్యను."

మారెమ్మ ఆ పొద్దే వెళ్లిపోయింది. చాలా ఏళ్లు తల్లి గడప తొక్కలేదు.

కాపురం అందరి కాపురాల్లాగే నడిచింది. బిక్షమ్మ అతన్ని "పిలగా" అనడం మానేసి "ఏమయ్యా" అనసాగింది. అతను ఆమెను పేరు పెట్టే పిలిచేవాడు. సంతలో తెలియనివాళ్లు "నీ కొడుకా?" అని అడిగితే ఆమె ఆగి, వాళ్ల ముఖంలోకి చూసి, "నా మొగడు" అనేది. అడిగినవాళ్లే తల దించుకునేవాళ్లు. పోట్లాటలూ ఉన్నాయి. ఆమె సలహాలు ఎక్కువ చెబుతుందని అతనికి విసుగు. అతను పని మధ్యలో వదిలి బీడీకి కూర్చుంటాడని ఆమెకు కోపం. చలికాలపు సాయంత్రాలు పొయ్యి దగ్గర ఇద్దరూ ఒకే గొంగడిలో కూర్చుని, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు ఉండేవాళ్లు.

ఒకసారి బిక్షమ్మే అన్నది. "ఇంకొక పిల్లను చేసుకో. నేనే చూస్త. ఒక ఇంట్లనే ఉందాం." వాకిట్లో ఆడుకునే పొరుగు పిల్లల వైపు అతను చూసే చూపును ఆమె కనిపెట్టింది.

బాలస్వామికి కోపం వచ్చి బయటికి వెళ్లిపోయాడు. తిరిగి వచ్చాక అబద్ధం చెప్పలేదు. "పిల్లలుంటే బాగుండు. లేరు. గా బాధ నాది, నేను మోస్త. దానికి మందని ఇంకొక ఆడమనిషిని తేకు" అన్నాడు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కాని ఆ బాధ ఆ ఇంట్లో ఉన్నదని ఇద్దరికీ తెలుసు.

అలా తొమ్మిది పది ఏళ్లు గడిచాయి. జిల్లాలో దొరలకు ఎదురు తిరిగిన సంఘం పెరిగింది. వెట్టి చేయబోమని జనం గడి ముందే నిలబడి చెప్పే రోజులు వచ్చాయి. ఆ వెంటనే తుపాకులూ వచ్చాయి. నలభై ఎనిమిది ఎండాకాలంలో నిజాం తరఫు రజాకార్ల పేరు వింటేనే ఊళ్లు ఖాళీ అవుతున్నాయి. అలాంటి ఒక రోజు మారెమ్మ నాలుగేళ్ల కూతురు ఉప్పలమ్మను చంకనెత్తుకొని తల్లి ఇంటికి వచ్చింది. వాళ్ల ఊరు తగలబడింది. భర్త సంఘం వాళ్లతో అడవిలోకి వెళ్లిపోయాడు. ఇంకెక్కడికి పోవాలో తెలియక వచ్చింది. బిక్షమ్మ ఏమీ అడగకుండా కాళ్లకు నీళ్లిచ్చింది.

మారెమ్మ బాలస్వామితో అవసరమైన మాట తప్ప మాట్లాడేది కాదు. పిల్లకు మాత్రం ఆ లెక్కలేవీ లేవు. బిక్షమ్మ అవ్వ కాబట్టి అవ్వ మొగుడు తాత. ముప్పై ఆరేళ్ల బాలస్వామిని "తాతా, తాతా" అంటూ వెంట తిరిగేది. అతను పొంగిపోయేవాడు.

వాళ్ల ఊరికి కూడా ముప్పు వస్తుందని తెలిశాక నలుగురూ మునగాల దిక్కు బయలుదేరారు. మునగాల చుట్టూ నిజాం రాజ్యమే అయినా, అది మాత్రం నిజాం ఏలుబడిలో లేదు. అక్కడికి చేరితే ప్రాణాలు దక్కుతాయని అందరూ అటే పోతున్నారు. సూర్యాపేట దాటాక, పొద్దు నడినెత్తికి వచ్చే వేళ, ఒక వాగు దగ్గర తుపాకులు పట్టుకున్నవాళ్లు దారికి అడ్డంగా కనిపించారు. వెనక్కి తిరిగే వీలు లేదు. అప్పటికే పక్కన కొందరు వయసులో ఉన్న మగవాళ్లను వరసగా కూర్చోబెట్టారు.

ఉప్పలమ్మ బాలస్వామి భుజం మీద నిద్రపోతున్నది. ఒకడు మారెమ్మ ముందుకు వచ్చి, "నీ మొగడేడి? సంఘంల కలిసిండా?" అని అడిగాడు.

మారెమ్మ బిడ్డ వైపు చూసింది. వాడు బాలస్వామి వైపు తిరిగి, "వీడెవడు?" అన్నాడు.

బిక్షమ్మ ఇద్దరి మధ్యకు వచ్చి చేతులు జోడించింది. "నా కొడుకయ్యా. గామె నా కోడలు. పిల్ల నా మనుమరాలు. సంఘం గింఘం మాకేం తెల్వది. ముసలిదాన్ని, వీడొక్కడే దిక్కు."

వాడు బాలస్వామిని చూశాడు, మారెమ్మను చూశాడు, నిద్రపోతున్న పిల్లను చూశాడు. పిల్ల మెడ కదిలించింది. లేచి "తాతా" అన్నదంటే అయిపోయినట్టే. మారెమ్మ చప్పున దగ్గరికి జరిగి, బిడ్డ తలను అతని భుజానికి అదిమి వీపు మీద జో కొట్టింది. పిల్ల మళ్లీ నిద్రలోకి జారింది.

"పో ముసల్దానా. తీస్కపో నీ కొడుకును" అన్నాడు వాడు.

వాగు దాటి చాలాదూరం నడిచారు. బిక్షమ్మ వెనకబడింది. ముందు బాలస్వామి, అతని పక్కన మారెమ్మ, భుజం మీద పిల్ల. ఎండలో ముగ్గురి నడకా ఒకటిగా ఉంది. అడిగినవాడు ఎందుకు అంత తేలిగ్గా నమ్మాడో ఆమెకు అప్పుడు అర్థమైంది.

మునగాలలో తడకల పందిళ్లు వేసి గంజి పోస్తున్నారు. అక్కడికి చేరాక బిక్షమ్మ బాలస్వామి పక్కన కూర్చోవడం మానేసింది. పిల్లనో, మూటనో మధ్యలో పెట్టుకొని దూరంగా ఉండేది. అతను కొన్నాళ్లు చూసి, ఒక మధ్యాహ్నం ఆమె చేదబావి దగ్గర ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లాడు.

"నా మీద కోపమా?"

"కోపం కాదు."

"మరేంది?"

ఆమె చేదను గిలక మీదే వదిలేసి గట్టు మీద కూర్చుంది. "పదేండ్లు 'నీ కొడుకా' అని ఎవరన్నా మూతి మీద కొట్టినట్టు జవాబు చెప్పిన. ఆ పొద్దు నేనే కొడుకన్న. వాడు ఇంకొక్క ముచ్చట గూడ అడుగలే. ఎనక నుంచి మీ ఇద్దరిని చూసుకుంట నడిచిన. నిజంగ గట్లనే ఉండాల్సింది, నేనే అడ్డం వచ్చిన అనిపిచ్చింది."

బాలస్వామి ఆమె పక్కన కూర్చున్నాడు.

"నాకేమైందో చెప్పాల్నా? నువ్వు కొడుకన్నప్పుడు, హమ్మయ్య, బతికిన అనుకున్న. సంతోషమైంది. ఆ సంతోషానికి ఇప్పటిదాక సిగ్గైతాంది. గందుకే నేను గూడ నీ దగ్గరికి రాలే."

"బతకనీకె గద అన్నది."

"అవును. బతకనీకె అన్నవ్. అంతకన్న ఎక్కువ అర్థం తియ్యకు దానికి." అతను గొంతు తగ్గించాడు. "నీకు ముసలితనం వస్తాంది. నాకు కనపడ్తలేదనుకున్నవా? మెట్లు ఎక్కితే మోకాలు పట్టుకుంటున్నవ్. పండ్లు రెండు ఊడినయి. నేను కండ్లు మూసుకొని చేసుకోలే బిక్షమ్మా. నువ్వు పడుచులున్ననాడు ఎట్లుంటివో నాకు తెల్వది. తెలుసుకోవాల్నని గూడ ఎన్నడు అనిపియ్యలే. నేను చూసింది గీ మనిషినే. గీ మనిషే కావాలె."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను ముందు పోత గదా" అన్నది.

"పోతవేమో. వాగు కాడ ఆ తుపాకీ పేలి ఉంటే నేనే ముందు పోయేటోన్ని. ఎవరి ఫికర్ వాళ్లకుంటది."

ఇద్దరూ ఎండ తమ మీదికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నారు. తర్వాత అతను నీళ్లు చేదాడు. ఆమె కుండ పట్టింది.

ఆ సాయంత్రం గంజి దగ్గర వడ్డిస్తున్న ఒకామె మారెమ్మను, "మీ ఆయనకు గంజి తీసుకోలేదేంటమ్మా?" అని అడిగింది. మారెమ్మ ముందు తల దించింది. తర్వాత ఎత్తింది. "మా ఆయన కాడు. మా అమ్మ పెనిమిటి" అన్నది. ఆమె వింతగా చూస్తుంటే, మారెమ్మ ఇంకో గిన్నె ముందుకు చాపి నిలబడింది. ఆ గిన్నె తెచ్చి బాలస్వామి ముందు పెట్టి, "తాగు. చల్లారుతది" అన్నది. ఏ వరసా కలపలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ కలపలేదు. కాని అప్పటి నుంచి అతని గిన్నె మరిచిపోలేదు.

వానాకాలం చివర్లో నిజాం రాజ్యం పడిపోయిందని తెలిసి జనం ఊళ్లకు మళ్లారు. బిక్షమ్మ ఇంటి కప్పు సగం కూలింది. గింజలు పోసుకున్న గాదె ఖాళీ. మారెమ్మ భర్త జాడ తెలియలేదు. బతికి ఉన్నాడని మాత్రం ఎవరో చెప్పారు. ఆమె, పిల్ల అక్కడే ఉండిపోయారు.

చెలక ఆ ఏడు బీడు పడింది. ఆముదాలకు అదను దాటింది. దొర పట్నానికి పోయాడు కాబట్టి అడిగేవాళ్లు లేరు. ఉలవలైనా చల్లుదామని బాలస్వామి ఎక్కడి నుంచో విత్తనం, అరువుకు ఎడ్లు సంపాదించి తెచ్చాడు. అతను నాగలి పడుతుంటే వెనక బిక్షమ్మ ఒడిలో నుంచి గింజలు తీసి చల్లుతున్నది. రెండు సాళ్లయ్యాక ఆయాసం వచ్చి గట్టు మీద కూర్చుంది. అతను ఎడ్లను ఆపాడు.

"నువ్వు ఆగకు. పదును పోతది" అన్నది ఆమె.

"పోనీ."

"ఏమయ్యా, నీకు పని ఎగ్గొట్టనీకె సాకు దొరికింది. బీడీ కాల్చుకో పో."

అతను నవ్వి, బీడీ ముట్టించి, ఆమెకు కొంచెం దూరంలో గాలి వాలు చూసి కూర్చున్నాడు. ఆమె నెరిసిన జుట్టు విప్పి, దులిపి, మళ్లీ ముడి వేసుకుంటుంటే చూస్తూ ఉన్నాడు. కాసేపటికి ఆమె ఆయాసం తీరి లేచింది. అతను ఎడ్లను అదిలించాడు. మబ్బు పట్టేలోపు ఇంకా సగం చెలక చల్లాల్సి ఉంది.